అత్తగారు చెప్పిన తేదీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన సిస్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర అనుభవం ఉంటుందని వాళ్ల నమ్మకం. నిజానికి నా దగ్గర ఉన్నవి మోకాళ్ల నొప్పులు, ఎవరూ అడగని సలహాలు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను బాగా చేసిన పనుల గురించి కాదు. వాటికి శాలువా కప్పి, ఫొటో తీసి, చేతిలో రెండు పళ్లు పెట్టి ఎప్పుడో సాగనంపేశారు. ఇది ఒక ఫారంలో నేను పెట్టిన టిక్కు గురించి.

ఆళ్లగడ్డలో నేను కాన్పుల నర్సుగా పనిచేసిన చివరి సంవత్సరాల్లో మా దగ్గరికి ఒక పరిశోధన వచ్చింది. ఉండాల్సిన దానికన్నా చిన్నగా పుట్టే బిడ్డల మీద. ఇందులో ఒక మెలిక ఉంది, అది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. రెండు కిలోల బిడ్డ పుట్టిందనుకోండి. ఎనిమిదో నెలలోనే పుట్టి ఉంటే ఆ బరువు ఆ బిడ్డకు సరిపోయిందే, తొందరపడి వచ్చింది, అంతే. అదే నెలలు నిండి కూడా రెండు కిలోలే ఉంటే, ఆ బిడ్డకు లోపల తిండి అందలేదని అర్థం. ఇంకొన్నాళ్లు లోపలే ఉంచితే ప్రాణానికే ముప్పు. కాబట్టి బరువొక్కటే తెలిస్తే చాలదు. నెలలు కూడా తెలియాలి.

బరువు తూచడానికి ఐదు గ్రాముల తేడా కూడా పట్టే మెషీన్ ఇచ్చారు. దాన్ని కదపకూడదు, దానిమీద ఫ్యాన్ గాలి తగలకూడదు, రోజూ పొద్దున్నే ఇనుప రాయి పెట్టి పరీక్షించి సంతకం చేయాలి. మా ఇంట్లో కొత్త కోడలికి కూడా అంత మర్యాద జరగలేదు. మరి నెలలు తెలుసుకోవడానికి ఏమిచ్చారంటారా? ఒక ప్రశ్న ఇచ్చారు. ‘ఆఖరి నెలసరి ఎప్పుడు వచ్చింది?’ అంతే. దాని పక్కన మూడు గళ్లు. ఖచ్చితం, సుమారు, తెలియదు.

ఈ పరిశోధనకు అధిపతి హైదరాబాదు నుంచి వచ్చే ఒక డాక్టరు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. మంచివాడే, అరవడు, తిట్టడు. లెక్కలంటే మాత్రం ప్రాణం పెడతాడు. నంద్యాలలో ఒక ఏసీ హోటల్లో మాకు ఒకరోజు శిక్షణ ఇచ్చి, పేషెంటుతో ఎలా మాట్లాడాలో తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. ఆ బొమ్మల్లో నర్సూ గర్భిణీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో అత్తగారు లేదు. ఆ బొమ్మ గీసినవాడు మా వైపు ఎప్పుడూ వచ్చి ఉండడు.

‘ఖచ్చితం’ గడిలో ఎన్ని టిక్కులు పడితే పరిశోధన అంత గొప్పదట. నెలనెలా ఏ నర్సుకు ఎన్ని టిక్కులో వాట్సాప్ గ్రూపులో పట్టీ పెట్టేవాడు. నేనే ఫస్టు. ఎప్పుడూ నేనే. బడిలో ఏనాడూ రాని ఫస్టు ర్యాంకు రిటైరయ్యే ముందు వచ్చింది కదా, తలకెక్కింది. దాచడం ఎందుకు?

సంక్రాంతి దాటిన వారంలో రుద్రవరం వైపు పల్లె నుంచి ఒక కొత్త కోడలిని తీసుకొచ్చారు. తొలిచూలు. పందొమ్మిదో ఇరవయ్యో ఏళ్లుంటాయి. పెళ్లై ఏడాది కాలేదు. ఊర్లో ఇంజక్షన్లు వేయించారు, ఐరన్ మాత్రలు ఇప్పించారు, స్కానింగుకు మాత్రం అప్పటిదాకా రాలేదు. కడుపు సంగతి తొందరపడి బయటపెడితే దిష్టి తగులుతుందని ఆ ఇంట్లో పట్టింపు. పిల్ల పక్కన అత్తగారు. శనగ చేలు, బర్రెలు ఉన్న పాతకాలపు రైతు కుటుంబం. ఏ బర్రె ఎప్పుడు ఈనుతుందో, ఏ చేను ఎప్పుడు కోతకొస్తుందో, కోడలు నెలసరికి ఎప్పుడు దూరం ఉంటుందో, మూడూ ఆమెకు నోటికే లెక్క.

నేను ప్రశ్న అడిగింది కోడలిని. జవాబు వచ్చింది అత్తగారి నుంచి.

"శ్రావణంలో నాగుల చవితికి దూరముండె. మర్చిపోయేదా అమ్మా అది? ఇంటిల్లిపాదీ పుట్టకు పాలు పొయ్యడానికి పోతాంటే ఈ పిల్ల పంచలో చాపేసుకోని కూచునె. కొత్త కోడలితో మొదటి పండగని నేనెంత ఆశ పడింటినో!"

మా వైపు నాగుల చవితి శ్రావణంలోనే చేస్తారు. పండగతో ముడిపెట్టిన తేదీ, పైగా కళ్లారా చూసిన సాక్షి. ఇంతకన్నా ఏం కావాలి? కోడలు తల వంచుకుని గాజులు తిప్పుకుంటోంది. సిగ్గుపడుతోందనుకున్నాను. ‘ఖచ్చితం’ గడిలో టిక్కు పెట్టాను. ఎంత ముచ్చటగా పెట్టానో!

ఆ రోజు స్కానింగులో బిడ్డ ఆ తేదీకన్నా రెండు వారాలు ముందున్నట్టు వచ్చింది. అంత ఆలస్యంగా తీసిన స్కానింగుకు రెండు వారాల తేడా మామూలేననీ, ఆ లోపు ఉంటే తల్లి చెప్పిన తేదీనే ఉంచాలనీ పెద్దసారు రూలు. ‘తల్లి చెప్పిన’ అని రూల్లో ఉంది. అత్త సంగతి రూల్లో లేదు. ఫోన్ చేసి చెబితే ఆయన నవ్వాడు. "మీ రుద్రవరం బిడ్డలు పుష్టిగా ఉంటారనుకుంటా సిస్టర్!" అన్నాడు. నేనూ నవ్వాను. పుష్టి అంటే ఎవరికి చేదు?

తర్వాత ఆ పిల్ల మార్చిలో మళ్లీ వచ్చింది. శనగ కోతలైపోయి, ఎండ ముదురుతున్న రోజులు. అత్తా కోడలూ ఆటోలో వచ్చారు, మొగుడు వెనక బండిమీద. అతను లోపలికి రాలేదు, గుమ్మం బయటే ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

టేపు పెట్టి కడుపు కొలిచాను. ఎన్నో వారమో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలి. ముప్పై ఒకటి. పరిశోధన వాళ్లిచ్చిన ట్యాబులో తేదీ ప్రకారం ముప్పై మూడో వారం. రెండు సెంటీమీటర్ల తేడా పర్వాలేదని ట్యాబు పచ్చరంగు చూపించింది. గుండె చప్పుడు వినిపిస్తోంది. అంతా సవ్యమే. మందులు రాసిచ్చి పంపించేదాన్నే.

"కడుపులో ఆట తక్కువైందమ్మా" అంది ఆ పిల్ల. నాతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అదే. "నిన్న పొద్దున్నుంచీ సరిగ్గా కదల్లా."

"ఏం కాదులే మే, ఎండలకు బిడ్డ కూడా నిద్రపోతాంటాది" అంది అత్తగారు.

పచ్చరంగు చూపిస్తున్నా ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. జనవరిలో రెండు వారాలు ముందున్న బిడ్డ ఇప్పుడు రెండు సెంటీమీటర్లు వెనకబడిందేమిటి? పుష్టి ఎక్కడికి పోయింది? మాట కలపడానికన్నట్టు అడిగాను. "మొదటిసారి కదిలింది ఎప్పుడు తల్లీ, గుర్తుందా?"

"కార్తీక పున్నానికమ్మా. గుడికాడ దీపాలు పెడతాంటి, చేప కొట్టుకున్నెట్ల అనిపించె."

నేను బల్లకింద వేళ్లు లెక్కబెట్టుకున్నాను. శ్రావణం చవితి నుంచి భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం. చవితికి మూడు నెలలు, పున్నమికి ఇంకో పదకొండు రోజులు. తొలిచూలు బిడ్డ కదలిక తల్లికి తెలియాలంటే ఐదో నెల పడాలి. మూడున్నర నెలలన్నా నిండకుండా దీపాల వెలుగు చూసి ఎగిరిందా ఈ బిడ్డ?

అత్తగారు వెంటరాని చోటు మా ఆసుపత్రిలో ఒకటే ఉంది. "మూత్రం పరీక్ష చేయాలి, రా" అని పిల్లను బాత్రూము వైపు నడిపించి తలుపు దగ్గరికి వేశాను.

"నాగుల చవితికి నువ్వు నిజంగా దూరముంటివా?"

ఆ పిల్ల గోడకు ఆనుకుంది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుతా, మా అత్తకు చెప్పొద్దు" అని ఏడవడం మొదలుపెట్టింది. చెప్పనని మాటిచ్చాను.

సంగతి ఇదీ. మేలో పెళ్లైంది. ఆషాఢం వచ్చింది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కాబట్టి ఆళ్లగడ్డలో పుట్టింటికి పంపించారు. మొగుడూ పెళ్లాలు కలవకూడదు. ఆషాఢంలో కడుపు నిలిస్తే మండుటెండల్లో కాన్పు వస్తుందని పెద్దలు పెట్టిన ఆచారం. పెద్దలు చెప్పారు, కుర్రకారు విన్నారు. విన్నట్టు నటించారు. ట్రాక్టరుకు ఏదో పార్టు కావాలని కొడుకు ఆళ్లగడ్డకు బండేసుకుని వచ్చేవాడు. ఎన్ని పార్టులు కొన్నాడో ఆ దేవుడికే తెలియాలి. శ్రావణంలో పిల్ల అత్తగారింటికి తిరిగొచ్చేసరికి రావాల్సిన నెలసరి రాలేదు.

"చెప్తే ఆమె ఏమనేదో నీకు తెల్దమ్మా. ఆషాఢంలో మా వోడు ఇంట్లోనే ఉండె, ఈ కడుపు యాడిదీ అనేది. ఊరంతా చెప్పి అనేది."

"మరి నీ మొగుడు?"

"ఆయప్పకు చెప్తే, నువ్వే ఎట్లోకట్ల చూసుకో అనె. అందుకే మూడ్రోజులు పంచలో చాపేసుకోని కూచుంటి."

నా సర్వీసులో నెలసరి వచ్చీ రాలేదని చెప్పి పండగ చేసుకున్న ఆడవాళ్లను చాలామందిని చూశాను. రాని నెలసరికి మూడు రోజులు దూరం కూర్చుని, పుట్టకు పాలు పోసే భాగ్యం కూడా వదులుకున్న పిల్లను చూడడం అదే మొదలు. ఇక నా గొప్పతనం వినండి. మేం చర్చికి పోయేవాళ్లం. మొగుడూ పెళ్లాలను నెలపాటు విడదీసే ఆచారం మా ఇళ్లల్లో లేదు. కానీ పక్కింట్లో, ఎదురింట్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. మేలో పెళ్లి, శ్రావణంలో తేదీ, మధ్యలో ఆషాఢం. చిన్నపిల్లకైనా తట్టాలి. ఫస్టు ర్యాంకు నర్సుకు తట్టలేదు.

లెక్క ఒక నెల ముందుకు జరిగింది. ఇది ఎనిమిదో నెల కాదు, తొమ్మిదో నెల నిండవస్తోంది. ముప్పై ఏడు వారాల కడుపు ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది. బిడ్డ పుష్టిగా ఏనాడూ లేదు. మొదటినుంచీ చిక్కుతూనే వచ్చింది. మేం తేదీ తప్పు రాసుకుని పుష్టి అని మురిసిపోయాం. ఆ పిల్లను అక్కడే స్టూలుమీద కూర్చోబెట్టి పెద్దసారుకు ఫోన్ చేశాను.

"ఒకసారి చేర్చుకున్నాక తేదీ మార్చడానికి వీల్లేదు సిస్టర్. సిస్టమ్‌లో లాక్ అయి ఉంటుంది" అన్నాడు.

"బిడ్డ కూడా లోపల చిక్కుకుపోయి ఉంది సార్."

"అది కాదు. ఆధారం ఏముంది?"

"అమ్మాయే చెప్పింది సార్."

"మొదటి తేదీ కూడా ఆ అమ్మాయే చెప్పింది కదా? ఖచ్చితం అని మీరే టిక్ చేశారు."

"లేదు సార్. అది అత్తగారు చెప్పింది. ఆ అమ్మాయిని మనం ఈరోజుదాకా అడగనేలేదు."

తేదీ మార్పుకు ఒక ఫారం ఉంటుందనీ, దానిమీద కుటుంబ సభ్యులొకరు సంతకం పెట్టాలనీ చెప్పాడు. కుటుంబ సభ్యులొకరట! నేను ట్యాబు మూసేసి, మామూలు తెల్లకాగితం మీద పెన్నుతో రాశాను. ‘నెలలు నిండాయి. బిడ్డ ఎదగడం లేదు. కదలిక తగ్గింది. వెంటనే చూడగలరు.’ ఆ కాగితం పట్టుకుని నూట ఎనిమిది అంబులెన్సులో నేనే వాళ్లతో నంద్యాల బయల్దేరాను.

నంద్యాలలో కాన్పుల డాక్టరమ్మ నాకు చాలాకాలంగా తెలుసు. చెయ్యి వేగం, మాట పొదుపు. స్కానింగు చేసి నన్ను పక్కకు పిలిచింది. "ఉమ్మనీరు బాగా తగ్గింది. బిడ్డకు రక్తం సరిగ్గా అందడంలేదు. నీ కాగితం నిజమైతే ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేస్తా. ఆ ట్యాబులో ఉన్నది నిజమైతే ఎనిమిదో నెల, ఊపిరితిత్తులకు ఇంజక్షన్లు ఇచ్చి రెండు రోజులు చూడాలి. అంతవరకు ఈ బిడ్డ ఉంటుందో లేదో నేను చెప్పలేను. ఏది నిజం?"

"కాగితమే" అన్నాను.

"అయితే సంతకాలు పెట్టించు."

చట్టప్రకారం ఆ పిల్ల సంతకం ఒక్కటే చాలు. కానీ ఆ పిల్ల పెన్ను పట్టుకుని మొగుడి వైపు చూసింది. మొగుడు వాళ్లమ్మ వైపు చూశాడు. అత్తగారు నా వైపు చూసింది.

"ఏందమ్మా నువ్వు చేస్తాండేది? ఇంకా నెలా పదైదు రోజులు ఉండాది. ఏడో నెల బిడ్డన్నా బతుకుతాది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు. మా అమ్మ చెప్పె, మా అవ్వ చెప్పె. నా మనవణ్ణి సంపుకునేదానికా ఈడికి తెచ్చింది? పెట్టొద్దు మే సంతకం!"

ఆమె గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. తన లెక్క ప్రకారం ఆమె బిడ్డను కాపాడుతోంది. ఆ లెక్కకు ‘ఖచ్చితం’ అని టిక్కు పెట్టింది నేనే కదా అని నాకు నామీదే అసహ్యం వేసింది. పిల్ల నా వైపు చేతులు జోడించినట్టు చూస్తోంది. చెప్పనని నేను ఆమెకు మాటిచ్చాను. ఆమె మొగుడు చెప్పడని మాత్రం నేను ఎవరికీ మాటివ్వలేదు.

అతని మోచెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కుపోయాను. "నాయనా, నీ బిడ్డ లోపల తిండి లేక ఎండిపోతోంది. ఆషాఢంలో బండేసుకుని పోయేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? పోయి మీ అమ్మకు చెప్పు. నువ్వు చెప్పకపోతే సాయంత్రానికి చెప్పడానికి ఏమీ మిగలదు."

అతను పాతికేళ్ల మనిషి, ఆరడుగుల ఎత్తు. ఎద్దుల్ని ఒంటిచేత్తో ఆపగలడు. అమ్మ ముందుకొచ్చేసరికి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా... నేను పోయింటి" అన్నాడు చివరికి.

"యాడికి?"

"ఆళ్లగడ్డకు. ఆషాఢంలో."

వరండాలో బెంచీలమీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. అత్తగారు కొడుకును కిందనుంచి పైదాకా చూసింది.

"ట్రాక్టరుకు పార్టు అంటివి గదరా?"

"పార్టు యాడిది మా..."

"ఎన్నిసార్లు పోయింటివి?"

అత్తగారు వేళ్లు మడిచింది. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం... పెదవులు కదులుతున్నాయి. బర్రెల లెక్క నోటికి వచ్చిన మనిషి, ఎంతసేపు పడుతుంది? కోడలి వైపు తిరిగింది. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను, కొడుతుందేమోనని.

"కడుపుతో ఉండి మూడ్రోజులు పంచలో పండుకుంటివేమే?" అంది. "వాన పడతాండె గదే అప్పుడు! నాకు చెప్తే సంపుతానా?" కళ్లనీళ్లు కారిపోతున్నాయి. కొంగుతో తుడుచుకుని, కోడలి చేతిలో పెన్ను సరిగ్గా పెట్టి, "బేగ పెట్టు సంతకం. బేగ!" అంది.

మనవడు కాదు, మనవరాలు. ఒక కిలో ఎనిమిది వందల యాభై గ్రాములు. పిడికెడు మనిషి, ఒంటిమీద కండ లేదు, చర్మం ముడతలు. కానీ అరికాళ్ల నిండా గీతలు, చెవులు గట్టిగా ఉన్నాయి. నెలలు నిండిన బిడ్డ అని ఒళ్లంతా రాసుకుని వచ్చింది. రక్తంలో చక్కెర పడిపోయి రెండు రోజులు భయపెట్టింది. మూడో రోజు నుంచి పాలు తాగింది. రెండు వారాలకు ఇంటికి పోయింది. ఆ రెండు వారాలూ అత్తగారు వార్డు బయటే ఉంది, పిండిన పాలు గిన్నెలో పట్టుకుని నర్సుల వెంట పడుతూ.

పరిశోధనలో ఆ బిడ్డ లేదు. చేరాక తేదీ మారింది కాబట్టి తీసేశారు. చిన్నగా పుట్టే బిడ్డల కోసం అన్ని ఊర్లు తిరిగి, తీరా చిన్నగా పుట్టిన బిడ్డ చేతికి దొరికితే రూలు ఒప్పుకోలేదని పక్కన పెట్టారు. పెద్దసారు మాత్రం నాకు ఫోన్ చేశాడు. "మీ మిగతా టిక్కులు కూడా ఒకసారి చూడండి సిస్టర్" అన్నాడు నెమ్మదిగా. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది. నామీద కోపం మొదలైంది.

చూశాను. వేసవిలో పెళ్లై, శ్రావణంలో తేదీ చెప్పిన కొత్త కోడళ్ల ఫైళ్లన్నీ విడిగా తీశాను. చాలావరకు కాన్పులై బిడ్డలు క్షేమంగా ఉన్నారు. ఒక్క ఫైలు దగ్గర చెయ్యి ఆగింది. అంతకుముందు సంవత్సరానిది. కోయిలకుంట్ల పిల్ల. ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. బరువు నెలలకు తగ్గట్టే ఉంది, కారణం తెలియదు అని రాసి ఉంది. తేదీ దగ్గర ‘ఖచ్చితం’. టిక్కు నాదే.

ఆదివారం ఆరాధనకు పోకుండా కోయిలకుంట్ల బస్సెక్కాను. ఆ పిల్ల మళ్లీ కడుపుతో ఉంది. ఆ ఇంటి అత్తగారు మజ్జిగ ఇచ్చింది, పక్కనే కూర్చుంది. నేను ఆరోగ్యం అడిగాను, మాత్రలు వేసుకుంటోందా అని అడిగాను. అడగడానికి వచ్చింది మాత్రం అడగలేకపోయాను. లేచాను. బస్టాండు దాకా వస్తానని పిల్ల నా వెంట వచ్చింది.

వీధి మలుపు తిరగ్గానే ఆగింది. "అమ్మా, పోయినసారి మా అత్త చెప్పిన తేదీ తప్పు. నాకు తెలిసీ ఊరికే ఉంటి. ఆ బిడ్డ పోయింది దానికేనా?"

అంతమంది దగ్గర నిజం కక్కించిన దాన్ని. పందొమ్మిదేళ్ల పిల్లల్ని తలుపేసి అడిగిన దాన్ని. నా నోట్లోంచి జవాబు ఒక్క క్షణం కూడా ఆలస్యం కాకుండా వచ్చింది.

"లేదు తల్లీ. దానికీ దీనికీ సంబంధమే లేదు."

ఆమె ఊపిరి వదిలింది. తర్వాత, నేను అడక్కుండానే, ఈసారి నెలసరి ఎప్పుడు వచ్చిందో చెప్పింది. రోడ్డుమీదే సంచిలోంచి పెన్ను తీసి నా అరచేతిలో రాసుకున్నాను. ఆళ్లగడ్డ చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు, చెమటకు చెరిగిపోతుందేమోనని.